మూరెడు వెనక్కి

ఆ ట్రైలరు మద్రాసు నుంచి గూడ్సు బండిలో దిగిన రోజే నాకు కోపం మొదలైంది. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన సామాను వేలం వేస్తుంటే అందరూ జీపుల కోసం ఎగబడ్డారు. నేను తెలివిగలవాణ్ణి కదా, ఒక రెండు చక్రాల ట్రైలరు పాడుకున్నాను. కాగితం మీద ‘మంచి స్థితిలో ఉన్నది’ అని రాసి ఉంది. బెజవాడ గూడ్సు షెడ్డులో చూస్తే ఒక టైరు పొరలు పొరలుగా ఊడిపోతోంది, రెండోదానికి గాలి నిలవదు. అడుగు పలకల్లో సగం పుచ్చిపోయాయి. స్ప్రింగు పట్టీలు రెండు విరిగితే ఎవడో వాటిని టెలిఫోను తీగతో చుట్టి ఊరుకున్నాడు. ఆ తీగ చుట్టిన మహానుభావుడు ఎక్కడున్నాడో గాని, ఇప్పుడు కనబడినా రెండు తగిలించాలనే ఉంది.

“అన్నా, చక్రాలైతే గుండ్రంగానే ఉన్నాయి. మిగతాది మనం చేసుకుందాంలే,” అన్నాడు అంతోని.

అంతోనీ నేనూ అస్సాం సరిహద్దులో నాలుగేళ్ళు ఒకే మిలిటరీ వర్కుషాపులో పనిచేశాం. వాడు లారీలు తోలేవాడు, నేను ఇంజన్లు విప్పి బిగించేవాణ్ణి. తిరిగొచ్చాక నేను బందరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, ‘అంకమ్మరావు మోటారు రిపేరు’ అని బోర్డు రాయించుకున్నాను. వాడు బొగ్గు గ్యాసుతో నడిచే ఒక పాత లారీ సంపాదించి నా పక్కన చేరాడు. పెట్రోలు దొరకని రోజులవి. పొద్దున్నే లారీ వెనక డ్రమ్ములో బొగ్గు రాజేసి, అరగంట విసిరితే గాని ఆ లారీ దగ్గనైనా దగ్గేది కాదు.

ట్రైలరు ఎందుకు కొన్నానంటే, డెల్టాలో ఏ ఊళ్ళో కారు చెడినా దాన్ని బెజవాడ తేవడానికి రెండు జతల ఎడ్లే గతి. కారు గల ఆసామి స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు, ముందు ఎడ్లు నడుస్తుంటాయి, ఊరంతా చూస్తుంటుంది. ఇరుసు విరిగితే అదీ కుదరదు. కారుని అమాంతం ఎక్కించుకుని తెచ్చే బండి ఉంటే పనులన్నీ నా షాపుకే వస్తాయని నా లెక్క. నిజం చెప్పాలంటే అప్పటికి షాపు పెట్టి ఎనిమిది నెలలైనా నా దగ్గరికి వచ్చినవి సైకిళ్ళు, కుట్టుమిషన్లూను. ఉయ్యూరులో మా బావమరిదికి రైసు మిల్లు ఉంది. ఇంజను చూసుకోవడానికి మనిషి కావాలి, బావని రమ్మను అని వాళ్ళ చెల్లెలికి ఉత్తరం మీద ఉత్తరం. ఆ చెల్లెలు రాజ్యలక్ష్మి నా భార్య. నన్ను ఒక్క మాట అనేది కాదు. ఉత్తరం మాత్రం నాకు కనబడేచోట పెట్టేది. ‘ఈ ట్రైలరు కూడా నడవకపోతే షాపుకి తాళం వేసి మీ అన్నయ్య మిల్లుకే పోదాం’ అని ఆమెకి మాటిచ్చాను. ఇచ్చానే గాని, బావమరిది కింద కూర్చోవడం తలుచుకుంటే ఒళ్ళు మండిపోయేది.

సరిగ్గా అప్పుడే వెంకటప్పయ్యగారు కబురు పెట్టారు. బెజవాడ నుంచి కూచిపూడి దాకా ఆరు బస్సులు తిప్పే మనిషి. కూచిపూడిలో భాగవతం చూసి వస్తుంటే ఊరి చివర ఆయన కారు వెనక ఇరుసు విరిగింది. అక్కడే తాటాకులు కప్పి వదిలేసి వచ్చారు.

“ఎడ్లు కట్టి ఈడిస్తే చక్రం ఊడి చేతికొస్తదయ్యా. వచ్చే శుక్రవారానికి నీ బండి మీద తీసుకొచ్చావా, నా ఆరు బస్సుల పనీ నీదే. తేలేకపోయావా, ఇంకొకణ్ణి చూసుకుంటా,” అన్నారు. పలకలు వేయడానికి వడ్రంగిని కూడా ఆయనే చెప్పారు. “మా కంకిపాడు బసవాచారిని పిలువు. నాకు నాలుగు ఎడ్లబండ్లు చేస్తున్నాడు. పనిమంతుడు.”

బసవాచారి వచ్చాడు. అరవై దాటిన బక్క మనిషి. నేను పది మాటలంటే ఒకదానికి జవాబు చెప్పేవాడు, అదీ కాసేపాగి. వచ్చిన రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ట్రైలరు చుట్టూ తిరగడమే సరిపోయింది. కిందికి దూరాడు. పురికొస తీసి ఇరుసు నుంచి ముందుకి కొలిచాడు, వెనక్కి కొలిచాడు, మళ్ళీ ముందుకి కొలిచాడు. చెక్క చెక్కే బాడిస సంచిలోంచి బయటికే రాలేదు. శుక్రవారం ముంచుకొస్తుంటే ఈయన పురికొసతో ఆడుకుంటున్నాడని నేను పళ్ళు కొరుక్కున్నాను. మొదలుపెట్టాక మాత్రం వంక పెట్టడానికి లేదు. మద్ది పలకలు ఒకదానికొకటి అతుకు తెలియకుండా పరిచాడు. అంచులకి పట్టీలు బిగించాడు. ముందు భాగంలో నిలువు పలక కట్టాడు. కారు ముందుకి దొర్లకుండా ముందు చక్రాలు వచ్చి ఆనుకునే చోట రెండు అడ్డదిమ్మలు బిగించాడు.

నా షెడ్డులో పడి ఉన్న పాత కారు ఎక్కించి చూశాం. చక్రాలు దిమ్మలకి ఆనుకున్నాయి. ఇక ట్రైలరు ముందుకి చాచుకుని ఉన్న నొగ ఎత్తి లారీ కొక్కేనికి తగిలించాలి. నేను ఎత్తబోతే కదల్లేదు. అంతోని చెయ్యి వేసినా లేవలేదు. రోడ్డున పోయే ఇద్దర్ని పిలిస్తే, నలుగురం కలిసి ఎత్తేసరికి నడుములు పట్టుకున్నాయి.

“ఏంటయ్యా ఆచారీ ఇది? బండ్లు చేసిన చెయ్యేనా నీది? నొగ మీద ఇంత బరువు పెడతారా ఎవరన్నా?”

“ఎడ్లబండికైతే పెట్టమండీ,” అన్నాడు బసవాచారి. “దీన్ని చేసినవాళ్ళు ఇరుసుని నడిమికి పెట్టలేదు, జానెడు వెనక్కి పెట్టారు. బరువు ముందుకి రావాలనే అట్టా పెట్టి ఉంటారు. ఎందుకో మాత్రం నాకు తెలవదు. తెలవనిదాన్ని మార్చమాకండి.”

“నీకు తెలవదు గదా, నాకు తెలుసు. దిమ్మలు మూరెడు వెనక్కి జరుపు.”

ఆయన నా మొహంలోకి చూశాడు. ఇంకేదో అంటాడనుకున్నాను. “మీ ఇష్టమండీ,” అని బోల్టులు విప్పడానికి కూర్చున్నాడు.

నాకు తెలుసు అన్నది ఊరికే అనలేదు. నేను రైతు బిడ్డని. గడ్డి తోలేటప్పుడు మా నాన్న మోపు మోపుకీ ముందుకొచ్చి కాడి కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసేవాడు. చేతికి తేలిగ్గా లేస్తేనే ఎడ్లని కట్టేది. ఎద్దు మెడ కందిందంటే ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు. పసుపూ నూనే రాస్తూ, బరువు ముందుకి వేసినవాణ్ణి తిడుతూ కొట్టంలోనే కూర్చునేవాడు. ఆ తిట్లు చాలాసార్లు నాకే తగిలాయి. అందుకని దిమ్మలు వెనక్కి జరిపాక నొగ ఒంటి చేత్తో లేస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ‘చూశావా ఆచారీ’ అన్నట్టు చూశాను. ఆయన పనిముట్లు సర్దుకుంటున్నాడు.

మర్నాడు బందరు రోడ్డు మీద తోలి చూశాం. పది మైళ్ళ వేగం దాకా ట్రైలరు బుద్ధిగా వెంట వచ్చింది. అది దాటేసరికి తోక ఆడించడం మొదలుపెట్టింది. ముందు కొంచెంగా, తర్వాత రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి. లారీ కూడా దానితోపాటు ఊగింది. అంతోని యేసయ్యని పిలుస్తూ ఆపాడు.

కొక్కెం దగ్గర కడియం వదులుగా ఉందని తోలు ముక్కలు కూరాను. ఊగింది. కొత్తగా వేయించిన టైర్లు అటుదిటు ఇటుదటు మార్చాను. ఊగింది. స్ప్రింగులు మళ్ళీ విప్పి ఇంకో పట్టీ చేర్చాను. ఇంకా బాగా ఊగింది. మూడు రోజులు ట్రైలరు కింద వెల్లకిలా పడుకుని, కళ్ళలో మట్టీ గ్రీజూ పడుతుంటే కనబడిన ప్రతి నట్టునీ తిట్టాను. అన్నం తెచ్చిన రాజ్యలక్ష్మిని కూడా, చారు చల్లారిందని తిట్టాను. ఆమె క్యారియరు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. చారు వేడిగానే ఉంది.

గురువారం మధ్యాహ్నానికి తిట్టడానికి ఇంక నట్లు మిగల్లేదు. నిలువు పలకకి చిత్రిక పడుతూ బసవాచారి కనబడ్డాడు.

“నీ పలకలే వంకరయ్యా! ఒక పక్క బరువు, ఒక పక్క తేలిక. అందుకే ఊగుతోంది. మోటారు పనికి ఎడ్లబండ్ల వడ్రంగిని పెట్టుకోవడం నాది బుద్ధితక్కువ!”

ఎదురుగా కాఫీ హోటల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు. ఆయన బల్లమట్టం తెచ్చి పలక మీద పెట్టి, సమంగానే ఉందని నాకు చూపించాడు. నేను చూడలేదు. పనిముట్లు సంచిలో వేసుకుని, “వస్తానండీ,” అని కంకిపాడు దారి పట్టాడు.

శుక్రవారం వచ్చేసింది. ఊగినా మానినా వెళ్ళక తప్పదు. కూచిపూడి వెళ్ళి, వెనక చక్రాన్ని తాళ్ళతో బిగించి, ఊళ్ళో పదిమంది సాయంతో కారుని ట్రైలరు మీదికి నెట్టాం. ముందు చక్రాలు దిమ్మలకి ఆనుకున్నాక కారుని తాళ్ళతో కట్టేశాం. నొగ తేలిగ్గా లేచింది. పామర్రు దాకా కాలినడక వేగంతోనే వచ్చాం. వడ్ల బండి ఒకటి మమ్మల్ని దాటుకుంటూ పోయింది. దాని మీద పడుకున్న ఆసామి తల ఎత్తి, “లారీకి ఎడ్లు కావాలేంటండీ?” అని అడిగాడు. ఆ మాటతో నా ఓర్పు తీరిపోయింది.

“తోలరా! ఇట్టా పోతే రేపటికి చేరతాం!” అన్నాను.

“వొద్దన్నా.”

“తోలమన్నానా!”

అంతోని తోలాడు. పామర్రు దాటాక కాలవ పక్కన వంపులో ట్రైలరు ఒకసారి కుడికి కొట్టింది, ఒకసారి ఎడమకి. మూడోసారి దాని చక్రం రోడ్డు దిగింది. కారు ముందుకి గుద్దిన ఊపుకి దిమ్మలు ఫెళ్ళున ఊడిపోయాయి, తాళ్ళు తెగాయి. వెంకటప్పయ్యగారి కారు వెనక్కి జారి, గట్టు దిగి, కాలవ ఒడ్డు బురదలో బానెట్టు పైకెత్తి కూలబడింది. లారీ నిలబడింది, ట్రైలరూ నిలబడింది. నేను మాత్రం రోడ్డు మీద కూలబడ్డాను.

నా కర్మ ఏమోగాని, పావుగంటలో కూచిపూడి నుంచి బస్సు వచ్చింది. రోడ్డుకి అడ్డంగా మేముండటంతో ఆగిపోయింది. అది వెంకటప్పయ్యగారి బస్సే. కారు లేని మనిషి కదా, బస్సు వ్యవహారాలకి దాంట్లోనే తిరుగుతున్నారు. ఆయన దిగారు. ఆయన వెనక బస్సులో జనమంతా దిగారు. ఆయన కారు వంక చూశారు, నా వంక చూశారు.

“ఎట్టా జరిగింది?”

అంతోని నా మొహం చూస్తున్నాడు. తోలమన్నది నేను. ‘నేనే’ అంటే షాపు పోయింది. మా బావమరిది మిల్లు, వాడి పెత్తనం, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి.

“బసవాచారి పని సరిగా లేదండీ. పలకలు వంకర. దిమ్మలు చూశారుగా, ఎట్టా ఊడినయ్యో,” అన్నాను.

వెంకటప్పయ్యగారు తల పంకించారు. “అట్టాగా! నాలుగు బండ్లు వాడికే ఇచ్చానే. పోతూ కంకిపాడులో దిగి తేల్చేస్తాను. నువ్వు ముందు నా కారు పైకి లాగించు.” జనం బస్సెక్కారు. లారీని పక్కకి తీశాక బస్సు వెళ్ళిపోయింది.

కారుని లాగడానికి దగ్గర్లో పొలాల నుంచి రెండు జతల ఎడ్లు వచ్చాయి. ఎడ్లు లేకుండా కారు తెస్తానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, చక్రం ఊడకుండా పట్టుకుని ఎడ్ల వెనక మోకాలి లోతు బురదలో నడిచాను. తంటాలు పడి కారుని మళ్ళీ ట్రైలరు ఎక్కించాం. ఈసారి ఆపడానికి దిమ్మలు లేవు. కారు దొర్లుకుంటూ పోయి ముందు నిలువు పలకకి ఆనుకుని ఆగింది. అక్కడే దాన్ని మోకులతో బిగించాం. నొగ ఎత్తబోతే లేవలేదు. రైతులు కూడా చెయ్యి వేశారు. నలుగురం మూలుగుతూ కొక్కేనికి తగిలించాం.

లారీ కదిలింది. నేను పళ్ళు బిగబట్టి వెనక్కి చూస్తూ కూర్చున్నాను. పది మైళ్ళ వేగం. పదిహేను. ఉయ్యూరు దాటాక అంతోని నన్ను అడక్కుండానే ఇరవై చేశాడు. ట్రైలరు ఊగలేదు. గీత గీసినట్టు లారీ వెంట వచ్చింది.

“అన్నా, బాగయిందే!” అన్నాడు అంతోని.

బాగయింది. అవే పలకలు, అదే కడియం, అవే టైర్లు. మారింది కారు ఉన్న చోటు ఒక్కటే. ఆచారి మొదట దిమ్మలు పెట్టిన చోటుకి వచ్చి ఆగింది. ఎద్దు మెడ మీద బరువు పడకూడదని మా నాన్న నేర్పాడు. లారీకి మెడ లేదు. కందుతుందని నేను భయపడటానికి అక్కడ ఎద్దే లేదు. వెనక బరువు ఎక్కువై, ముందు పట్టు లేక ట్రైలరు ఊగింది. ఆ బరువు వెనక్కి వేయించింది నేను. అది సాఫీగా నడిచిన ప్రతి మైలూ నన్ను చెంప మీద కొడుతున్నట్టే ఉంది. ఒక్కసారి ఊగితే బాగుండునని కూడా అనుకున్నాను. ఊగలేదు.

కంకిపాడులో బసవాచారి పాక రోడ్డు పక్కనే. ఆయన సగం చేసిన బండి చక్రాల మధ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన బాడిస పడి ఉంది. మా లారీ చప్పుడుకి తలెత్తాడు.

“ఆపమంటావా అన్నా?”

“పోనీ,” అన్నాను.

గవర్నరుపేటలో వెంకటప్పయ్యగారి బస్సు షెడ్డు చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. ఆయన బయటికి వచ్చి, కారు చుట్టూ తిరిగి, రెండు గీతలు తడిమి చూశారు. “బురదే గాని పెద్ద దెబ్బలేం లేవు. సరే, వడ్రంగి తప్పుకి నువ్వేం చేస్తావు? సోమవారం నుంచి బస్సులు నీ షెడ్డుకే పంపుతాను. బండ్లు వద్దని ఆచారికి చెప్పేసి వచ్చా. వాడూ ఒప్పుకున్నాడులే.”

“ఏమని ఒప్పుకున్నాడండీ?”

“తప్పు తనదేనని. ‘దిమ్మలు నేనే బిగించానండీ, నాదే తప్పు’ అన్నాడు. ఇంకో మాట లేదు.”

నా షాపు నిలబడింది. నేను చేయవలసిందల్లా నోరు మూసుకుని నమస్కారం పెట్టి ఇంటికి పోవడమే. చేతులు జోడించాను కూడా. ఆ ముసలాయన ఎందుకు అట్లా ఒప్పుకున్నాడని మండుకొచ్చింది. పలకలు వంకర కాదని బల్లమట్టం తెచ్చి చూపించిన మనిషి, అప్పుడు లేని తప్పు ఇప్పుడెందుకు నెత్తిన వేసుకున్నాడు?

“దిమ్మలు ఆయన సరిగ్గానే పెట్టాడండీ,” అన్నాను. జోడించిన చేతులు దించేశాను. “మూరెడు వెనక్కి జరపమన్నది నేను. ఆయన వద్దన్నాడు. బండిని జోరుగా తోలమన్నదీ నేనే.”

వెంకటప్పయ్యగారు కారు మీద నుంచి చెయ్యి తీసి నా వైపు తిరిగారు. “మరి రోడ్డు మీద అంతమందిలో ఆయన పేరెందుకు చెప్పావు?”

నేను నా కాళ్ళకి ఎండిన బురద వంక చూశాను.

“బస్సన్నాక చెడుతుంది. ఎందుకు చెడిందో అడిగినప్పుడు నిజం చెప్పేవాడు కావాలయ్యా నాకు. ఆచారి దగ్గరికి నువ్వే పో. బండ్లు చెయ్యమన్నానని చెప్పు. ఇటు మాత్రం రానక్కర్లేదు.”

ఇంటికి వచ్చి రాజ్యలక్ష్మికి అంతా చెప్పాను. షాపు తాళం ఆమె చేతిలో పెట్టాను. ఆమె తాళం గూట్లో పెట్టి, “రేపు పొద్దున్నే ముందు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి రండి. అన్నయ్యకి ఉత్తరం తర్వాత రాద్దాం,” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

పొద్దున్నే కంకిపాడు వెళ్ళాను. బసవాచారి సగం చేసిన చక్రాలని పాక మూలకి దొర్లించి గోనెసంచులు కప్పుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. వెంకటప్పయ్యగారితో అన్న మాటలన్నీ చెప్పాను. బండ్లు మళ్ళీ చెయ్యమన్నారనీ, బస్సుల పని నాకు పోయిందనీ చెప్పాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. పోనీ, మొహం తిప్పుకుంటాడనుకున్నాను.

ఆయన చేతిలో ఉన్న గోనెసంచిని నేలకేసి కొట్టాడు.

“మీకేమన్నా మతి ఉందా అంకమ్మరావు గారూ? నేను ఒప్పేసుకున్నాను గదా! అయిపోయింది గదా! ఆ నోరు కాసేపు మూసుకోలేకపోయారా? నాకు నాలుగు బండ్లు పోతే ఇంకో ఊళ్ళో నాలుగు నాగళ్ళు చేసుకుంటా. చేతిలో బాడిస ఉంది, ఎక్కడైనా బతుకుతా. మీకా షెడ్డు తప్ప ఏముంది? మూడు రోజులు తిండి లేకుండా ఆ బండి కింద పొర్లటం నేను చూడలా? చూసే గదా, పోన్లే ఆయన షాపు నిలబడుద్ది అని నా నెత్తిన వేసుకుంది! అంతా బూడిదలో పోశారు గదయ్యా!”

పది మాటలకి ఒక్క మాట పలికే మనిషి. ఎన్నాళ్ళ నుంచి దాచిపెట్టుకున్నాడో గాని, ఆ పూట దేన్నీ వదల్లేదు. నా కోపాన్ని తిట్టాడు, నా మిలిటరీ చదువుని తిట్టాడు, కాఫీ హోటలు ముందు అన్న మాటని తిట్టాడు, లారీ ఆపకుండా పోయినందుకు తిట్టాడు. రోడ్డున పోయేవాళ్ళు నిలబడి చూశారు. చూడనిచ్చాను. ఆయన ఆయాసపడితే కుండలో నీళ్ళు ముంచి అందించాను. తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా, తిట్టడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. చాలాసేపు తిట్టాడు.